ప్లాటినం పెంచే ముందు సోడియం సంగతి, గాలి సంగతి చూడండి

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: కాంతితో హైడ్రోజన్ పుట్టించే క్యాటలిస్ట్ కోసం ఒక గ్రాము పీ25 టైటానియాను (బజారులో దొరికే టైటానియం డయాక్సైడ్ పొడి) 10 మోలార్ కాస్టిక్ సోడాలో 130 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచి నానోట్యూబులు చేశారు. యాసిడ్‌తో కడిగి, ఆరబెట్టి, 400 డిగ్రీల దగ్గర కాల్చారు. సోడియం బోరోహైడ్రైడ్‌తో (ప్లాటినం ఉప్పును లోహంగా మార్చే రసాయనం) 3 శాతం ప్లాటినం ఎక్కించి ఒకసారి కడిగారు. 10 శాతం మిథనాల్ కలిపిన నీళ్లలో, 365 నానోమీటర్ల ఎల్‌ఈడీ కింద మొదటి గంట హైడ్రోజన్ బాగానే వచ్చి, రెండో గంట నుంచి పడిపోతోంది. బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ పొంతన లేదు. ప్లాటినం 5 శాతానికి పెంచాలా, బంగారానికి మారాలా అని అడిగారు.

రెండూ వద్దు. ఉన్న 3 శాతమే ఎక్కువ. ఇలాంటి ఫలితం వచ్చినప్పుడు లోపం చాలావరకు లోహంలో ఉండదు. లోహం ఎక్కించకముందే ట్యూబులో మిగిలిపోయిన సోడియంలోనో, రియాక్టర్‌లోకి దూరిన గాలిలోనో ఉంటుంది. ప్లాటినం ఖరీదైన సరుకు కాబట్టి ముందు ఖర్చులేని పరీక్షలతో మొదలుపెట్టండి.

అసలు లోహం చేసే పనేమిటో ఒకసారి గుర్తు చేసుకుంటే మిగతా అంతా తేలికవుతుంది. అనటేస్ అనే స్ఫటిక రూపంలోని టైటానియా బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్ పైకి లేవడానికి కావాల్సిన కనీస శక్తి) 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు. అంటే సుమారు 387 నానోమీటర్ల కన్నా పొట్టి తరంగాలు పడితేనే ఎలక్ట్రాన్ పైకి లేస్తుంది, కింద హోల్ (ఎలక్ట్రాన్ వదిలిన ఖాళీ) మిగులుతుంది. ఈ రెండూ మళ్లీ కలిసిపోకముందే ఎలక్ట్రాన్‌ను పట్టి పక్కకు లాగాలి. టైటానియా ఉపరితలం మీద హైడ్రోజన్ పుట్టడం మహా కష్టం, అందుకే లోహం లేని ట్యూబులు దాదాపు ఏమీ ఇవ్వవు. ప్లాటినం ఆ ఎలక్ట్రాన్‌ను లాక్కుని, తన మీదే ప్రోటాన్లను హైడ్రోజన్‌గా మారుస్తుంది. 1972లో ఫుజిషిమా, హోండా చేసిన ప్రయోగంలో టైటానియా ఒక ఎలక్ట్రోడు, ప్లాటినం రెండోది, మధ్యలో తీగ ఉండేది. ఇక్కడ తీగ లేదు, ట్యూబుకు అంటుకున్న రెండు మూడు నానోమీటర్ల ప్లాటినం చుక్కే ఆ రెండో ఎలక్ట్రోడు. కాబట్టి చుక్క ఎంత పెద్దదన్నది కాదు, ట్యూబుతో దాని అతుకు ఎంత శుభ్రంగా ఉందన్నదే లెక్క.

ఆ అతుకును పాడుచేసే మొదటి వస్తువు సోడియం. కసుగా బృందం 1998లో చూపిన ఈ క్షార పద్ధతిలో ఆటోక్లేవ్ (ఒత్తిడిలో వేడి చేసే బిగించిన పాత్ర) నుంచి బయటికొచ్చేది టైటానియా కాదు, సోడియం టైటనేట్. యాసిడ్ కడుగు ఆ సోడియంను తీసి హైడ్రోజన్‌ను పెడుతుంది. ఆ తర్వాత కాల్చినప్పుడు మాత్రమే అది అనటేస్ అవుతుంది. సోడియం మిగిలితే కాల్చినా అనటేస్‌గా మారకుండా మొరాయిస్తుంది, పైగా ఎలక్ట్రాన్, హోల్ కలిసిపోవడానికి చోటు చూపిస్తుంది.

ఎంత యాసిడ్ కావాలో లెక్క వేయండి. ఒక గ్రాము టైటానియాలో 12.5 మిల్లీమోళ్ల టైటానియం ఉంటుంది. టైటనేట్‌లో మూడు టైటానియంలకు రెండు సోడియంలు అనుకుంటే 8.3 మిల్లీమోళ్ల సోడియం. దానికి 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ కనీసం 83 మిల్లీలీటర్లు ఖర్చవుతుంది. ఇది ట్యూబుల్లోని సోడియం ఒక్కదానికే. పైన ఉన్న క్షారాన్ని సరిగా వంపకుండా, తడి ముద్దలో ఒక మోలార్ కాస్టిక్ 20 మిల్లీలీటర్లు మిగిలిందనుకోండి, దాన్ని చంపడానికే మరో 200 మిల్లీలీటర్ల యాసిడ్ పోతుంది. 50 మిల్లీలీటర్ల యాసిడ్‌లో అరగంట తిప్పి 'యాసిడ్ వాష్ అయింది' అని నోట్‌బుక్‌లో రాసుకునేవాళ్లు చాలామంది. బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ తేడా రావడానికి ఇదే పెద్ద కారణం, ఎందుకంటే ప్రతిసారీ ముద్దలో మిగిలే క్షారం ఒకేలా ఉండదు.

ఇలా చేయండి. ఆటోక్లేవ్‌ను దానంతట అదే చల్లారనివ్వండి, వేడిగా ఉండగా తెరవొద్దు. పైన తేరిన క్షారాన్ని వంపేసి, డిస్టిల్డ్ వాటర్‌తో సెంట్రిఫ్యూజ్ చేస్తూ పీహెచ్ 9–10కి వచ్చేదాకా కడగండి. తర్వాత 200 మిల్లీలీటర్ల 0.1 మోలార్ యాసిడ్ పోసి తిప్పండి. అరగంట తర్వాత పీహెచ్ పేపర్ ముంచండి. 3 దాటితే యాసిడ్ అయిపోయిందని అర్థం, వంపేసి కొత్తది పోయాలి. పీహెచ్ 1–2 దగ్గర కదలకుండా నిలిచాక రాత్రంతా తిప్పి, మర్నాడు ఇంకోసారి కొత్త యాసిడ్‌తో రెండు గంటలు తిప్పండి. తొందరపడి గాఢమైన యాసిడ్ వాడి వేడి చేయొద్దు, గొట్టాలు చెదిరి మామూలు రేణువులైపోతాయి. చివర నీళ్లతో కడుగుతూ, కడిగిన నీళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేసి చూడండి. తెల్లగా మసకబారినంత కాలం క్లోరైడ్ ఉన్నట్టే. ఆఖరి కడుగు ఇథనాల్‌తో చేస్తే ఆరాక రాయిలా గట్టిపడదు. 80 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టి అగేట్ కల్వంలో తేలిగ్గా నూరండి.

కాస్టిక్ ద్రావణం గురించి చిన్న మాట. 10 మోలార్ అంటే 100 మిల్లీలీటర్లకు 40 గ్రాములు, కరుగుతూనే విపరీతంగా వేడెక్కుతుంది. ప్లాస్టిక్ బీకరును ఐసులో పెట్టి, నీళ్లలోకి గుళికలు కొంచెం కొంచెంగా వేయాలి. గాజు పాత్రలో నిల్వ ఉంచితే గాజులోని సిలికా కరిగి మీ శాంపిల్‌లోకి వస్తుంది. టెఫ్లాన్ లైనర్‌ను 80 శాతానికి మించి నింపొద్దు.

కాల్చడంలో 400 డిగ్రీలు సరైన అంకే, కానీ అది ఫర్నేస్ తెర మీద అంకె. చిన్న మఫిల్ ఫర్నేసుల్లో తలుపు పక్కన ఒక ఉష్ణోగ్రత, లోపలి గోడ దగ్గర ఇంకొకటి ఉంటాయి. క్రూసిబుల్‌ను ప్రతిసారీ అదే చోట, థర్మోకపుల్‌కు దగ్గరగా పెట్టండి. పొడిని పల్చగా పరవండి. నిమిషానికి 2 డిగ్రీల చొప్పున పెంచి రెండు గంటలు ఉంచండి. 500 దాటితే గొట్టాలు కూలి కడ్డీలూ రేణువులూ అవుతాయి, ఉపరితల వైశాల్యం పడిపోతుంది. అసలు కాల్చకపోతే హైడ్రోజన్ టైటనేట్‌గానే ఉండిపోతుంది. ట్యూబులు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ పని చేయవు.

ఎక్స్‌ఆర్‌డీలో (స్ఫటిక నిర్మాణం చూపే ఎక్స్‌రే పరీక్షలో) చూడాల్సింది రెండే చోట్లు. రాగి ఇచ్చే ఎక్స్‌రే కిరణాలతో తీసిన గ్రాఫులో 25.3 డిగ్రీల కోణం దగ్గర అనటేస్ పీక్ పదునుగా లేవాలి. 10 డిగ్రీల దగ్గర టైటనేట్ పొరల పీక్ మాయమవ్వాలి. కాల్చాక కూడా ఆ 10 డిగ్రీల పీక్ బలంగా ఉంటే సోడియం పోలేదని మొదట అనుమానించండి. చాలామంది 20 నుంచే స్కాన్ మొదలుపెడతారు, దాంతో అసలు సాక్ష్యమే గ్రాఫులోకి రాదు. 5 నుంచి మొదలుపెట్టమని ఆపరేటర్‌కు ముందే చెప్పండి.

ఇప్పుడు ప్లాటినం. 3 శాతం ఎందుకు ఎక్కువంటే, చుక్కలు పెరిగి ఒకదానితో ఒకటి కలుస్తాయి, ట్యూబు మీద పడాల్సిన కాంతిని అవే మింగేస్తాయి, ఎలక్ట్రాన్‌తో పాటు హోల్‌ను కూడా లాగి రెంటినీ తమ మీదే కలిపేస్తాయి. మీ క్షార పద్ధతి ట్యూబుల లోపలి వ్యాసం నాలుగైదు నానోమీటర్లే. మూతి దగ్గర ఒక పెద్ద చుక్క కూర్చుంటే లోపలి ఉపరితలమంతా వృథా. టైటానియా మీద ప్లాటినంకు మంచి ఫలితం సాధారణంగా 0.3 నుంచి 1 శాతం మధ్య వస్తుంది. మీ ట్యూబులకు ఏది సరిపోతుందో 0.1, 0.3, 0.5, 1.0 చేసి చూసుకోండి. పొడి ఎంత నల్లగా ఉంటే అంత మంచిదన్న నమ్మకం తప్పు. మంచి శాంపిల్ లేత బూడిద రంగులోనే ఉంటుంది.

బోరోహైడ్రైడ్ పద్ధతిని మానేయండి. అది ప్లాటినంను క్షణాల్లో తగ్గించేస్తుంది (అంటే ఉప్పు నుంచి లోహంగా మార్చేస్తుంది) కాబట్టి ప్లాటినం ఎక్కడ పడితే అక్కడ, ద్రావణంలో కూడా, ముద్దకడుతుంది. బోరేట్ ఉపరితలానికి అంటుకుంటుంది. కడిగి తీసేసిన సోడియంను మళ్లీ మీరే పోసినట్టవుతుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది, మీ 'మొదటి గంట బాగానే వచ్చింది' అన్న మాటతో అది గుర్తొచ్చింది. బోరోహైడ్రైడ్ నీటితో కలిసి తానే హైడ్రోజన్ ఇస్తుంది, ప్లాటినం దాన్ని ఇంకా వేగిరం చేస్తుంది. ఒక్క మిల్లీగ్రాము మిగిలినా 106 మైక్రోమోళ్ల హైడ్రోజన్. అది కాంతి ఇచ్చింది కాదు. మీ శాంపిల్‌ను ఎల్‌ఈడీ వెలిగించకుండా, రియాక్టర్‌కు రేకు చుట్టి ఒక గంట తిప్పి జీసీలో (వాయువులను విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో) చూడండి. చీకట్లో హైడ్రోజన్ కనిపిస్తే సగం జవాబు దొరికినట్టే.

దాని బదులు కాంతితోనే లోహాన్ని ట్యూబుల మీదికి దించండి. ఎలక్ట్రాన్ ఎక్కడ బయటికొస్తుందో అక్కడే ప్లాటినం తగ్గి కూర్చుంటుంది, అంటే అతుకు సరైన చోటే పడుతుంది. ఈ ఉపాయం ఎంత దూరం వెళ్లగలదో జపాన్ పరిశోధకులు 2020లో చూపించారు. అల్యూమినియం చేర్చిన స్ట్రాన్షియం టైటనేట్ స్ఫటికాల మీద హైడ్రోజన్ వైపు లోహాన్ని ఒక ముఖానికి, ఆక్సిజన్ వైపు కోబాల్ట్‌ను ఇంకో ముఖానికి కాంతితోనే దించి, 350–360 నానోమీటర్ల దగ్గర 96 శాతం దాకా క్వాంటం సామర్థ్యం (పడిన కాంతి కణాల్లో పనికొచ్చిన వంతు) సాధించారు. అదీ మిథనాల్ లాంటి సాయం లేకుండా, ఉత్త నీటితో.

కొలతలు ఇవి. ఆరు నీటి అణువులున్న క్లోరోప్లాటినిక్ యాసిడ్‌లో ప్లాటినం 37.7 శాతం. ఈ ప్లాటినం ఉప్పును ఒక గ్రాము 100 మిల్లీలీటర్లలో కరిగిస్తే మిల్లీలీటరుకు 3.77 మిల్లీగ్రాముల ప్లాటినం వస్తుంది. 100 మిల్లీగ్రాముల ట్యూబులకు అర శాతం కావాలంటే 0.13 మిల్లీలీటరు చాలు. ఈ ఉప్పు గాలిలో తేమను ఇట్టే పీల్చుకుంటుంది. ప్రతిసారీ రెండు మూడు మిల్లీగ్రాములు తూచబోతే నీటినే తూచినట్టు. సీలు తీసిన రోజే మొత్తం కరిగించి రంగు సీసాలో పెట్టుకోండి.

ట్యూబులను 10 శాతం మిథనాల్ నీళ్లు 80 మిల్లీలీటర్లలో వేసి, బాత్ సోనికేటర్‌లో పది నిమిషాలు ఉంచండి. ప్రోబ్ సోనికేటర్ పెడితే ట్యూబులు విరుగుతాయి. ప్లాటినం ద్రావణం పోసి చీకట్లో అరగంట తిప్పండి. పీహెచ్ 3–4 మధ్య ఉండాలి, ఎందుకంటే టైటానియా ఉపరితలం పీహెచ్ 6 కన్నా కింద ధనావేశంతో ఉండి, ఋణావేశపు క్లోరోప్లాటినేట్‌ను దగ్గరికి తీసుకుంటుంది. తర్వాత ఆర్గాన్ అరగంట. ఈ అరగంటను కుదించొద్దు. ఆక్సిజన్ ఉంటే ఎలక్ట్రాన్లను అదే తినేస్తుంది, ప్లాటినం తగ్గకుండా ద్రావణంలోనే మిగిలిపోతుంది. ఇప్పుడు ఎల్‌ఈడీ ఒక గంట. పాలలా ఉన్న ద్రవం లేత బూడిద రంగుకు తిరగాలి. అది మొత్తం ఎక్కిందా లేదా అన్నది కంటితో తేల్చొద్దు. పైన తేరిన నీటిని యూవీ స్పెక్ట్రోమీటర్‌లో పెట్టి 262 నానోమీటర్ల దగ్గర క్లోరోప్లాటినేట్ పీక్ ఉందేమో చూడండి. ఉంటే మీరు రాసుకున్న అర శాతం నిజానికి అర శాతం కాదు.

హైడ్రోజన్ వాయువులో వేడిచేసి తగ్గించే పద్ధతి కూడా ఉంది. అలా చేస్తే 200–300 డిగ్రీల దగ్గర ఆగిపోండి. 500 దగ్గర టైటానియా ఉపరితలమే కదిలి వచ్చి ప్లాటినం మీద పల్చటి పొరలా కప్పేస్తుందని 1978 నుంచీ తెలిసిన విషయం. అప్పుడు లోహం ఉన్నా నీటికి అందదు.

రెండో గంటలో పడిపోవడం గురించి. మిథనాల్ అయిపోయిందేమో అన్న అనుమానం పక్కన పెట్టండి. 50 మిల్లీలీటర్లలో 10 శాతం అంటే 120 మిల్లీమోళ్లకు పైగా, మీ మైక్రోమోళ్ల ముందు అది సముద్రం. పరీక్ష ఇది: రేటు పడిపోయాక కాంతి ఆపండి, పొడిని బయటికి తీయకుండా అక్కడే మళ్లీ అరగంట ఆర్గాన్ పంపండి, మళ్లీ వెలిగించండి. రేటు మొదటి గంట స్థాయికి తిరిగొస్తే క్యాటలిస్ట్‌కు ఏమీ కాలేదు. గాలి దూరి ఎలక్ట్రాన్లను తినడమో, పుట్టిన హైడ్రోజన్ ఆ ఆక్సిజన్‌తో ప్లాటినం మీదే తిరిగి నీరవడమో జరుగుతోంది. తిరిగి రాకపోతే ప్లాటినం ఊడిపోవడం, ముద్దకట్టడం, మిథనాల్ నుంచి పుట్టిన కార్బన్ మోనాక్సైడ్ లాంటివి దానికి అంటుకోవడం, ఈ వైపు వెతకాలి.

గాలి దూరుతోందని చెప్పే సాక్షి మీ జీసీ గ్రాఫులోనే ఉంది. మాలిక్యులర్ సీవ్ కాలమ్‌లో ముందు హైడ్రోజన్, తర్వాత ఆక్సిజన్, ఆ వెనుక నైట్రోజన్ వస్తాయి. అందరూ మొదటి పీక్ ఏరియా రాసుకుని మిగతావి వదిలేస్తారు. నైట్రోజన్ పీక్‌ను కూడా ప్రతి గంటా రాయండి. అది పెరుగుతూ పోతుంటే సెప్టమ్ (శాంపిల్ తీయడానికి సూది గుచ్చే రబ్బరు మూత) లీకవుతోంది. గాలిలో నైట్రోజన్ ఆక్సిజన్‌కు సుమారు 3.7 రెట్లు. మీ రియాక్టర్‌లో ఆ నిష్పత్తి 6, 8 అయితే లోపలికొచ్చిన ఆక్సిజన్ ఖర్చైపోతోందన్నమాట, ఆ మేరకు మీ హైడ్రోజన్ తరుగు. ఒకే సెప్టమ్‌కు పదిసార్లు సూది గుచ్చితే అది జల్లెడే. ప్రతి ప్రయోగానికీ కొత్తది వేయండి.

జీసీలో శాంపిల్‌ను మోసుకెళ్లే క్యారియర్ వాయువు ఆర్గాన్ గానీ నైట్రోజన్ గానీ ఉండాలి. హీలియం వాడితే దాని ఉష్ణవాహకత హైడ్రోజన్‌కు దగ్గరగా ఉండటంతో టీసీడీలో (ఉష్ణవాహకత తేడాతో వాయువును పసిగట్టే డిటెక్టర్‌లో) పీక్ చిన్నదై, కొన్నిసార్లు తలకిందులై, లెక్కకు పనికిరాకుండా పోతుంది. అయితే క్యారియర్ నైట్రోజన్ అయితే పైన చెప్పిన నైట్రోజన్ పరీక్ష కుదరదు, అందుకే ఆర్గాన్ మేలు. మిథనాల్ ఆవిరి, తేమ మాలిక్యులర్ సీవ్‌ను మెల్లగా చంపుతాయి. పీకులు దగ్గరికి జరుగుతుంటే కాలమ్‌ను తయారీదారు అనుమతించిన గరిష్ఠ ఉష్ణోగ్రతలో రాత్రంతా వేడి చేయండి.

లెక్క ఇలా రాయండి. ద్రవం పైన 80 మిల్లీలీటర్ల ఖాళీలో హైడ్రోజన్ 2 శాతం ఉంటే 1.6 మిల్లీలీటర్లు. 25 డిగ్రీల దగ్గర ఒక మిల్లీలీటరు వాయువు 40.9 మైక్రోమోళ్లు, కాబట్టి సుమారు 65 మైక్రోమోళ్లు. దీన్ని గ్రాముకు ఇంత అని రాస్తే మోసపోతారు. 50 మిల్లీగ్రాముల పొడితో గంటకు 65 వస్తే గ్రాముకు 1.3 మిల్లీమోళ్లు. అదే 5 మిల్లీగ్రాములతో 30 వస్తే గ్రాముకు 6. కాగితం మీద నాలుగు రెట్లు పైగా పెరిగింది, సీసాలో సగానికి పైగా తగ్గింది. పొడి పెంచుతూ పోయి రేటు ఇక పెరగని చోట కొలిచి, ఫోటాన్ల లెక్కతో క్వాంటం సామర్థ్యం కూడా రాయండి. 365 నానోమీటర్ల దగ్గర 100 మిల్లీవాట్లు అంటే గంటకు సుమారు 1100 మైక్రోమోళ్ల ఫోటాన్లు. ఒక్కో హైడ్రోజన్‌కు రెండు ఎలక్ట్రాన్లు కాబట్టి 65కు 130, అంటే 12 శాతానికి కొంచెం తక్కువ. మిథనాల్ ఉన్నప్పుడు దాని రాడికల్ రెండో ఎలక్ట్రాన్‌ను తానే ఇవ్వగలదు. కాబట్టి ఈ అంకెను నీటి విభజన సామర్థ్యంగా మాత్రం చెప్పొద్దు.

పోలిక కోసం అదే రోజు, అదే అర శాతం ప్లాటినంను అదే పద్ధతిలో పీ25 మీద దించి నడపండి. పీ25 గట్టి పోటీదారు. దాన్ని దాటని ట్యూబులకు ఎంత అందమైన టీఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) బొమ్మలున్నా ఉపయోగం లేదు. ఈ ఒక్క పోలిక లేని పేపర్‌ను నమ్మడం కష్టం. ఖర్చు విషయానికొస్తే, 365 ఎల్‌ఈడీకి క్వార్ట్జ్ రియాక్టర్ అక్కర్లేదు, బోరోసిలికేట్ గాజు ఆ కాంతిని బాగానే వదులుతుంది.

బంగారం గురించి అడిగారు. హైడ్రోజన్ పుట్టించడంలో బంగారం ప్లాటినంకు సాటి రాదు. దృశ్యకాంతిని 550 నానోమీటర్ల చుట్టుపక్కల పీల్చుకోవడం దాని ప్రత్యేకత, కానీ ఆ దారిలో వచ్చే హైడ్రోజన్ చాలా తక్కువ. మీ కాంతి 365 అయినప్పుడు దానికి మారడంలో అర్థం లేదు.

ఖర్చే సమస్య అయితే రాగి వైపు చూడండి. మన దగ్గర కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో టైటానియా నానోట్యూబుల మీద రాగి, నికెల్ సమ్మేళనాలు ఎక్కించి, గ్లిజరాల్ కలిపిన నీటితో ఎండలో హైడ్రోజన్ తీసే పని చాలా జరిగింది. కాపర్ నైట్రేట్ ట్రైహైడ్రేట్‌లో రాగి 26.3 శాతం, 100 మిల్లీగ్రాములకు ఒక శాతం కావాలంటే 3.8 మిల్లీగ్రాములు. నానబెట్టి, ఆరబెట్టి, 350 డిగ్రీల దగ్గర కాల్చితే కాపర్ ఆక్సైడ్ చుక్కలు వస్తాయి. కాంతి పడ్డాక ఎలక్ట్రాన్లు వాటిని లోహం వైపు తగ్గిస్తాయి, ద్రవం రంగు ముదురుతుంది. రియాక్టర్ మూత తీసి గాలి తగిలాక ఆ రంగు వెలిసిపోతుంది. అందుకే బయటికి తీసిన పొడికి ఎక్స్‌పీఎస్ (ఉపరితలం మీది మూలకాల స్థితి చూపే పరీక్ష) చేయించి 'మా క్యాటలిస్ట్ కాపర్ ఆక్సైడ్' అని రాయడం పొరపాటు, పని చేస్తున్నప్పుడు అది వేరేగా ఉండింది. ద్రావణం ఆమ్లంగా ఉంటే రాగి కరిగిపోతుంది, పీహెచ్ చూసుకోవాలి. టీఈఎంకు పంపేటప్పుడు రాగి గ్రిడ్ (శాంపిల్ పెట్టే జాలీ) మీద పెట్టొద్దు. ఈడీఎస్‌లో (మూలకాలను గుర్తించే పరీక్షలో) కనిపించే రాగి మీ శాంపిల్‌దో, గ్రిడ్‌దో ఎవరూ చెప్పలేరు. బంగారు గ్రిడ్ అడగండి.

ఇక జాగ్రత్తలు. గాలిలో 4 నుంచి 75 శాతం దాకా హైడ్రోజన్ అంటుకుంటుంది, రియాక్టర్‌ను ఫ్యూమ్ హుడ్‌లోనే తెరవండి. 365 ఎల్‌ఈడీ కంటికి మసగ్గా కనిపిస్తుంది కాబట్టి ప్రమాదం తెలియదు, యూవీ కళ్లజోడు లేకుండా దాని ముందు నిలబడొద్దు.

రేకు చుట్టి చేసిన చీకటి పరీక్ష ఫలితం, 5 డిగ్రీల నుంచి తీసిన ఎక్స్‌ఆర్‌డీ, మూడు గంటల నైట్రోజన్, ఆక్సిజన్ పీక్ ఏరియాలు పంపండి. ఆ మూడూ చూస్తే లోపం కడుగులో ఉందా, ప్లాటినం దించడంలో ఉందా, సెప్టమ్‌లో ఉందా అన్నది తేల్చవచ్చు.